గాలానికి అందని విలువ

చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా లేదు. నంది కొండలలోను, వాటి పరిసరాలలోను ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని వంటి నదులు పుడుతున్నాయి. కానీ వానలు బాగా కురిసిన రోజులలో తప్ప వాటిలో నీరు కనబడదు. అందుచేత ఈ సీమలోని పూర్వులు వాననీటిని నిలుపుకోవడానికి ఊరూరా చెరువులు కట్టించారు. చెరువు నిండి పొర్లే చోటును ఇక్కడి వారు కోడి అంటారు. ఎగువ చెరువు కోడి పారితే ఆ నీరు దిగువ చెరువును చేరేటట్లు వాటిని వరుసగా కట్టారు. కొడుకును కనడం, గుడి కట్టించడం, తోట నాటించడం వంటి సప్తసంతానాలలో తటాక నిర్మాణాన్ని కూడా పెద్దలు చేర్చారు. చెరువును వారు ఎంత విలువైనదిగా భావించారో దీనిని బట్టి తెలుస్తుంది.

2021 నవంబరులో ఈ జిల్లాలో భారీ వర్షాలు కురిశాయి. ఎన్నో ఏళ్ళుగా ఎండి, తుమ్మచెట్లు మొలిచిన చెరువులు సైతం నిండి కోడి పారాయి. అటువంటి కాలంలో బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలోని చెరువుగట్ల మీద రెండు రకాల వారు కనిపిస్తారు. మొదటి రకం వారు గుత్తదారు మనుషులు. చెరువులో చేపలు పట్టే హక్కును గుత్తదారు సొమ్ము చెల్లించి పొందుతాడు. వారు వలలు వేసి బొచ్చె, శీలావతి, బంగారుతీగ వంటి చేపలను పట్టి, తూకం వేసి అమ్ముతారు. రెండవ రకం వారు గాలపు కర్ర చేతబట్టి వచ్చినవారు. ముల్లుకు ఎర గుచ్చి, నీటిలో బెండు తేలవేసి, దానివంకే చూస్తూ కూర్చుంటారు. వారిలో బడి వదిలిన పిల్లలు ఉంటారు, పట్టుపురుగుల పని ముగించుకొని వచ్చిన రైతులు ఉంటారు, ఆదివారం నాడు పట్నం నుంచి వచ్చిన ఉద్యోగులు ఉంటారు. పొద్దుగూకే దాకా కూర్చున్నా ఒక్క చేప కూడా పడకపోవచ్చు. అయినా వారు మరుసటి వారం మళ్ళీ వస్తారు.

గుత్తదారు చెల్లించిన సొమ్ము లెక్కల పుస్తకంలో ఉంటుంది. అతడు అమ్మిన చేపలకు సంతలో ధర ఉంటుంది. మరి గాలం వేసినవాని సాయంత్రానికి ధర ఎంత? అది ఏ పుస్తకంలోను ఉండదు. పుస్తకంలో లేదు కాబట్టి దాని విలువ సున్నా అని అనుకోవచ్చునా? ఈ ప్రశ్న ఉబుసుపోక అడిగేది కాదు. దీనికి చెప్పే సమాధానం మీద ఒక్కొక్కప్పుడు చెరువు ఉండడం, లేకపోవడం ఆధారపడుతుంది.

ధర వేరు, విలువ వేరు

ధర అంటే సంతలో ఒక వస్తువుకు ఇచ్చే సొమ్ము. విలువ అంటే ఆ వస్తువు వలన మనిషికి కలిగే మేలు. ఈ రెండూ ఎప్పుడూ సమానంగా ఉండవు. నీరు లేనిదే మనిషి బ్రతకడు, కానీ నీటికి ధర తక్కువ. వజ్రం లేకున్నా బ్రతుకు సాగుతుంది, కానీ దానికి ధర చాలా ఎక్కువ. ఆడమ్ స్మిత్ అనే ఆర్థికవేత్త 1776లో వెలువడిన తన గ్రంథంలో ఈ వింతను చర్చించాడు. కోలారు సీమ వారికి ఈ సంగతి చెప్పడానికి వజ్రం దాకా పోనక్కరలేదు. ఈ సీమలోనే బంగారు గనులు ఉండేవి. 2001లో ఆ గనులు మూతబడ్డాయి. బంగారం దొరకకపోయినా పల్లెలు నిలిచాయి. చెరువులు ఎండి, వెయ్యి అడుగులు దాటి బోర్లు వేసినా నీరు పడని చోట్ల మాత్రం పొలాలు బీడు పడ్డాయి.

ధర లేనిదానికి విలువ లేదనుకుంటే ఏమవుతుందో బెంగళూరు నగరం చూపిస్తుంది. అక్కడి కెంపేగౌడ బస్సు నిలయం ఉన్న చోట ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు ఉండేది. కంఠీరవ క్రీడా మైదానం ఉన్న చోట సంపంగి చెరువు ఉండేది. బస్సు నిలయం వలన కలిగే లాభాన్ని కాగితం మీద వేయడం సులభం. చెరువుగట్టు మీద గాలి పీల్చుకున్న వారి ఆనందాన్ని, గాలం వేసిన వారి సంతోషాన్ని కాగితం మీద వేయడం ఎవరికీ తెలియదు. త్రాసులో ఒక పళ్ళెం నిండుగాను, రెండవ పళ్ళెం ఖాళీగాను ఉంటే మొగ్గు ఎటో చెప్పనక్కరలేదు. ఆ రెండవ పళ్ళెంలో ఏమి పెట్టాలో తెలుసుకోవడానికే ఆర్థికవేత్తలు కొన్ని పద్ధతులను కనిపెట్టారు.

ఖర్చు చెప్పేది కొంత

అందరికీ మొదట తోచే పద్ధతి ఖర్చును కూడడం. గాలం వేయడానికి వచ్చినవాడు బస్సు టికెట్టు కొంటాడు, దారం, ముల్లు కొంటాడు, గట్టు దగ్గరి అంగడిలో టీ తాగుతాడు. ఇవన్నీ కూడితే ఒక మొత్తం వస్తుంది. అమెరికాలో 1955 నుంచి ఇటువంటి సర్వేలు జరుగుతున్నాయి. 2022 సంవత్సరపు సర్వే ప్రకారం ఆ దేశంలో 16 ఏళ్ళు, అంతకు పైబడిన వారిలో సుమారు 4 కోట్ల మంది సరదాకు చేపలు పట్టారు. అందుకోసం వారు పెట్టిన ఖర్చు సుమారు 9,900 కోట్ల డాలర్లు.

ఈ అంకె చాలా పెద్దది. కానీ ఇది ఖర్చే తప్ప విలువ కాదు. ఆ సొమ్ము పడవలు, గాలాలు, పెట్రోలు అమ్మినవారికి చేరింది. చెరువు లేకపోతే అదే సొమ్మును మనుషులు సినిమాకో, తిరునాళ్ళకో ఖర్చు పెడతారు. అప్పుడు పోయేది సొమ్ము కాదు. ఆ సొమ్ముకు మించి వారు పొందిన సంతృప్తి పోతుంది. ఉదాహరణకు ఒక వస్తువుకు వంద రూపాయలు ఇవ్వడానికైనా సిద్ధపడి వెళ్ళినవానికి అది నలభై రూపాయలకే దొరికిందనుకోండి. మిగిలిన అరవై రూపాయల మేలు అతనిది. దీనినే అర్థశాస్త్రంలో వినియోగదారుని మిగులు అంటారు. చెరువు విలువను కొలవడమంటే ఈ మిగులును కొలవడం.

దూరాన్ని బట్టి విలువ

మిగులు కంటికి కనిపించదు. దానిని పట్టుకోవడానికి ఒక చక్కని ఉపాయాన్ని హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికా ఆర్థికవేత్త చెప్పాడు. ఆ దేశపు జాతీయ ఉద్యానవనాల విలువను ఎట్లా లెక్కించాలని ప్రభుత్వ శాఖ అడిగినప్పుడు, 1947లో ఆయన ఒక ఉత్తరం ద్వారా సమాధానం పంపాడు. ఉద్యానవనం చుట్టూ వలయాలు గీయాలి. ఏ వలయం నుంచి ఎందరు వస్తున్నారో లెక్కించాలి. దగ్గరివారికి ప్రయాణ ఖర్చు తక్కువ, కాబట్టి ఎక్కువసార్లు వస్తారు. దూరం పెరిగేకొద్దీ ఖర్చు పెరిగి రాకపోకలు తగ్గుతాయి. ప్రవేశ రుసుము లేని చోట ప్రయాణ ఖర్చే ధర వలె పనిచేస్తుంది. 1959లో మేరియన్ క్లాసన్ అనే మరొక ఆర్థికవేత్త దీనిని పెంపొందించాడు. దీనికి ప్రయాణ ఖర్చు పద్ధతి అని పేరు.

ఈ పద్ధతిని ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఇందులోని అంకెలు వివరణ కోసం కల్పించుకున్నవి. ఒక చెరువు ఉన్నది. దాని పక్కనున్న పల్లెలలో 1,000 మంది ఉన్నారు. అక్కడివారు ఒకసారి వచ్చి గాలం వేయడానికి 20 రూపాయలు ఖర్చవుతుంది. ఏడాదిలో వారు మొత్తం 400 సార్లు వచ్చారు. కొంత దూరంలో 1,000 మంది ఉన్న మరొక ఊరు ఉన్నది. అక్కడి నుంచి వచ్చిపోవడానికి 40 రూపాయలు అవుతుంది. వారు 300 సార్లు వచ్చారు. 100 రూపాయలు ఖర్చయ్యే దూరం నుంచి ఒక్కరూ రాలేదు.

దీనిని బట్టి ఖర్చు 20 రూపాయలు పెరిగినప్పుడల్లా 100 రాకలు తగ్గుతున్నాయని తెలుస్తుంది. చెరువు దగ్గర 20 రూపాయల రుసుము పెడితే, పక్క పల్లెల వారు 400కు బదులు 300 సార్లు వస్తారు. రుసుము 40 రూపాయలైతే 200 సార్లు, 60 రూపాయలైతే 100 సార్లు వస్తారు. 80 రూపాయలైతే ఎవరూ రారు. అంటే ఆ 400 రాకలలో కొన్నింటి మిగులు సున్నాకు దగ్గరగాను, కొన్నింటిది 80 రూపాయలకు దగ్గరగాను ఉన్నది. సగటు 40 రూపాయలు. కాబట్టి పక్క పల్లెల వారి మిగులు 400 × 40 = 16,000 రూపాయలు. దూరపు ఊరివారు 60 రూపాయల రుసుము దాకా ఓర్చుకోగలరు. వారి సగటు మిగులు 30 రూపాయలు. మొత్తం 300 × 30 = 9,000 రూపాయలు. రెండూ కలిపితే 25,000 రూపాయలు.

ఆ చెరువు గుత్త ఏడాదికి 10,000 రూపాయలు అనుకుంటే, లెక్కల పుస్తకంలో కనబడేది ఆ 10,000 మాత్రమే. గట్టు మీద కూర్చున్నవారు పొందిన 25,000 రూపాయల మేలు ఎవరి కంటా పడదు. చెరువు పూడ్చివేసిన నాడు ఆ మేలు కూడా పోతుంది. దగ్గరలోనే గాలం వేయడానికి అటువంటిదే మరొక చెరువు ఉంటే నష్టం కొంత తగ్గుతుంది. అదే ఆఖరి చెరువైతే నష్టం పూర్తిగా మిగిలిపోతుంది.

అడిగి తెలుసుకోవడం

చెరువుకు రాకపోయినా అది ఉండాలని కోరుకునేవారు ఉంటారు. వారి ప్రయాణ ఖర్చు ఏమీ లేదు. అటువంటి వారి మనసులోని విలువను తెలుసుకోవడానికి నేరుగా అడగడమే మార్గం. "ఈ నీటిని ఇట్లాగే కాపాడడానికి మీరు ఎంత ఇవ్వగలరు?" అని ప్రశ్నిస్తారు. 1963లో రాబర్ట్ డేవిస్ అనే పరిశోధకుడు అమెరికాలోని మేన్ రాష్ట్రపు అడవులకు వచ్చేవారిని ఈ విధంగా అడిగి లెక్క కట్టాడు.

ఈ పద్ధతికి పెద్ద పరీక్ష 1989లో ఎదురైంది. ఆ ఏడాది మార్చిలో ఎక్సాన్ వాల్డెజ్ అనే నౌక అలాస్కా తీరంలో రాతికి తగులుకొని, 4 కోట్ల లీటర్లకు పైగా ముడి చమురు సముద్రం పాలయింది. పక్షులు, చేపలు లెక్కలేనన్ని చచ్చాయి. ఎన్నడూ అలాస్కాను చూడని అమెరికా ప్రజలకు కూడా నష్టం కలిగిందా అన్న ప్రశ్న వచ్చింది. అలాస్కా రాష్ట్రం కోరగా ఆర్థికవేత్తలు ప్రజలను అడిగి, ఆ నష్టం 280 కోట్ల డాలర్లని తేల్చారు. 1991లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ సంస్థ ప్రభుత్వాలకు 90 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. నోటితో చెప్పినంత మాత్రాన సొమ్ము ఇస్తారా అని చాలామంది ఆక్షేపించారు. అప్పుడు కెన్నెత్ యారో, రాబర్ట్ సోలో అనే నోబెల్ బహుమతి గ్రహీతల నాయకత్వంలోని సంఘం విచారించింది. ప్రశ్నలను జాగ్రత్తగా అడిగితే సమాధానాలు నమ్మదగినవేనని ఆ సంఘం 1993లో చెప్పింది.

కావేరిలోని మహసీర్

కర్ణాటకలోనే ఈ విషయానికి ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. కావేరిలోను, దాని ఉపనదులలోను మహసీర్ అనే పెద్ద చేప ఉన్నది. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కబిని నదిలో గాలంతో పట్టిన మహసీర్ 120 పౌండ్లు, అంటే సుమారు 54 కిలోలు తూగింది. తరువాతి కాలంలో మందుపాతరలు పేల్చి చేపలను చంపడం వలన వీటి సంఖ్య తగ్గింది. అప్పుడు భీమేశ్వరి, దొడ్డమాకళి, గాలిబోరె అనే చోట్ల గాలపు శిబిరాలు వెలిశాయి. దేశ విదేశాల నుంచి వచ్చినవారు రుసుము చెల్లించి అక్కడ గాలం వేసేవారు. పట్టిన చేపను తూచి, మళ్ళీ నదిలోకే వదిలివేయాలన్నది అక్కడి నియమం. ఒకప్పుడు దొంగతనంగా చేపలు పట్టినవారిలో కొందరికి శిబిరాలలోనే మార్గదర్శకులుగా పని దొరికింది.

చంపి అమ్మిన చేపకు ఒక్కసారే ధర వస్తుంది. వదిలిన చేప మళ్ళీ మళ్ళీ మనుషులను నది దగ్గరికి రప్పిస్తుంది. ఈ సత్యాన్ని ఆ శిబిరాలు చూపించాయి. అయితే అభయారణ్యంలో గాలం వేయడం కూడా వేటే అవుతుందన్న నిర్ణయం వలన 2010 తరువాతి ఏళ్ళలో అవి ఆగిపోయాయి. గాలానికి చిక్కిన చేప బాధ కూడా లెక్కలోకి రావాలి కదా అని అడిగేవారూ ఉన్నారు.

శిబిరాలు పోయినా, వాటి పుస్తకాలు మిగిలాయి. ఏ రోజు ఎవరికి ఏ చేప పడిందో, దాని బరువు ఎంతో గాలిబోరె శిబిరంలో వ్రాసి ఉంచారు. 1998 నుంచి 2012 దాకా ఉన్న ఆ వివరాలను శాస్త్రవేత్తలు పరిశీలించారు. కావేరికే ప్రత్యేకమైన మూపురపు మహసీర్ తగ్గిపోతూ, బయటి నుంచి తెచ్చి వదిలిన మరొక జాతి పెరుగుతూ వచ్చిందని వాటివలన తెలిసింది. 2018లో ఈ మూపురపు మహసీర్ అంతరించిపోయే తీవ్రమైన అపాయంలో ఉన్నదని ప్రకటించారు. సరదాకు వచ్చినవారు వ్రాసిన పుస్తకమే ఒక జాతికి వచ్చిన ఆపదను లోకానికి తెలిపింది. దీనికి ఎన్ని రూపాయలు కట్టగలం?

కొలతకు ఉన్న హద్దులు

ప్రతి కొలతకూ హద్దులు ఉంటాయి. ఒకడు చింతామణి తాలూకాలోని కైవారంలో యోగి నారేయణ తాతయ్య మఠాన్ని దర్శించుకొని, తిరిగి వస్తూ దారిలోని చెరువు దగ్గర గంటసేపు గాలం వేశాడనుకుందాం. అతని ప్రయాణ ఖర్చులో మఠానికి ఎంత, చెరువుకు ఎంత? గుడిబండ కోట ఎక్కి, పైనుంచి బైరసాగరాన్ని కన్నులారా చూసినవాని ఖర్చును ఏ పద్దు కింద వేయాలి?

కర్ణాటకలో 2023 జూన్ నుంచి రాష్ట్ర ప్రభుత్వ సాధారణ బస్సులలో రాష్ట్రంలోని స్త్రీలకు టికెట్టు ఖర్చు లేదు. వారికి బస్సు ఖర్చు లేదు కాబట్టి చెరువు విలువ లేదంటే అది తప్పు. ప్రయాణానికి పట్టే కాలానికీ, మానుకున్న పనికీ కూడా లెక్క కట్టాలి. అన్నింటికన్నా ముఖ్యమైన హద్దు మరొకటి ఉన్నది. "ఎంత ఇవ్వగలరు?" అన్నప్పుడు, ఉన్నవాడు ఎక్కువ చెప్తాడు, లేనివాడు తక్కువ చెప్తాడు. ఆదివారం కారులో వచ్చిన ఉద్యోగికి ఆ సాయంత్రం ఎన్నో వేడుకలలో ఒకటి. కూలి పని ముగించుకొని వచ్చినవానికి అది వారం మొత్తంలో దొరికిన ఒకే ఒక విశ్రాంతి కావచ్చు. రూపాయల త్రాసు ఈ తేడాను సరిగా చూపదు.

అందుచేత లెక్క వేయడం మానుకోవాలా? అక్కరలేదు. లెక్క వేయకపోతే మిగిలేది సున్నా. సరిగా లేని అంకెను సరిదిద్దుకోవచ్చు. సున్నాను మాత్రం ఎవరూ పట్టించుకోరు. పైగా సరదాకు చేపలు పట్టడం చెరువు ఇచ్చే మేలులో ఒక భాగం మాత్రమే. బోర్లలో నీటిమట్టం నిలవడం, పశువుల దాహం తీరడం, పొలాలకు ఒండ్రు దొరకడం, పక్షులు చేరడం అనే మేళ్ళన్నీ దానికి తోడవుతాయి.

ఈ లెక్కకు పెద్ద చదువులు అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, కొంత ఓపిక చాలు. గట్టు మీదికి వచ్చినవారిని ఏ ఊరి నుంచి వచ్చారు, ఎట్లా వచ్చారు, ఎంత ఖర్చయింది, ఎంతసేపు ఉన్నారు, ఏడాదికి ఎన్నిసార్లు వస్తారు అని మర్యాదగా అడిగి వ్రాసుకోవాలి. చెరువు గుత్తకు ఇచ్చి ఉంటే, గాలం వేయడానికి అనుమతి తీసుకున్నారా అని కూడా అడగాలి. ఏడాది పాటు వ్రాసిన ఆ పుస్తకాన్ని గ్రామసభలో చదివితే, చెరువు పక్షాన కూడా త్రాసులో ఒక బరువు చేరుతుంది. పూర్వులు చెరువును సంతానంగా భావించి కట్టించారు. ఆ సంతానాన్ని కాపాడుకోవడానికి నేటివారికి లెక్క కూడా ఒక సాధనం.

ప్రశ్నలు

1. ధరకూ, విలువకూ గల భేదాన్ని రెండు ఉదాహరణలతో వివరించండి.
2. ప్రయాణ ఖర్చు పద్ధతిలో పక్క పల్లెల వారి సగటు మిగులు 40 రూపాయలు ఎట్లా వచ్చింది?
3. గాలిబోరె శిబిరపు పుస్తకాల వలన ఏ విషయం వెల్లడి అయింది?
4. మీ ఊరి చెరువు దగ్గరికి ఒక ఆదివారం పెద్దలతో కలిసి వెళ్ళి, అక్కడికి వచ్చినవారి వివరాలను సేకరించి ఒక పట్టికగా వ్రాయండి.